పదో పేరు

అక్టోబర్ 27, సోమవారం

ఇవాళ నుంచి జీతాల పుస్తకం నాది.

పదహారేళ్లు దాన్ని రాసిన సుబ్బన్ తాత, అంకెలు రెండుగా కనపడుతున్నాయని చెప్పి కూతురి దగ్గరికి తిరుత్తణి వెళ్లిపోయాడు. "రెండుగా కనపడితే మనకి మంచిదే కదా, ఎందుకు పంపించినారు?" అని కటింగ్ చేసే నాగప్పన్ మామ ఒకటే ఎగతాళి. నాయన పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "బీకాం రెండో సంవత్సరం కదా, ఇంక నువ్వు చూడు" అన్నాడు.

డైరీ అయినా సరే, చోటు చెప్పి మొదలుపెట్టమని కాలేజీలో తెలుగు మేడమ్ అన్నారు. చెబుతాను. చింతాద్రిపేట. వీధిలో తమిళం, ఇంట్లో తెలుగు. మేడ మీద మేము, కింద మిషన్లు. పెళ్లికి వచ్చిన వాళ్లకి ఆకువక్క, కొబ్బరికాయ పెట్టి ఇచ్చే గుడ్డ సంచులు కుడతాం. ఒక పక్క పెళ్లికొడుకు, పెళ్లికూతురి పేర్లు, ఇంకో పక్క మండపం పేరు అచ్చు వేస్తాం. ఈ రంగు వాసన లేకపోతే నాకు ఆకలి వేయదు.

తెలుగులో రాయడం మేడమ్ దగ్గర నేర్చుకుని ఏడాదిన్నర. నాయనకీ అమ్మకీ తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాయడం తమిళంలోనే. అవ్వకి వచ్చు గానీ ఆమె కళ్లద్దాలు ఎప్పుడూ దొరకవు. కాబట్టి ఇక్కడ ఏమైనా రాయవచ్చు.

హాజరుపట్టీ. ఎంత బాగుంది ఈ మాట! నాలుగుసార్లు పైకి అనుకున్నాను.

అక్టోబర్ 30, గురువారం

పుస్తకం అంతా చదివాను. క్లాసులో చెప్పిన తప్పులన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. ఎవరు ఎంత అడ్వాన్సు తీసుకున్నారో నాయన క్యాలెండరు కాగితాల వెనక రాసి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. చొక్కా ఉతుక్కి పోతే అడ్వాన్సు కూడా పోతుంది. ఆదివారం పనికి వేరే కూలి ఉంది, అది మాత్రం నోటి లెక్క. అచ్చు వేసే ఆంటోకి బ్యాంకులో ఒక పేరు, మా పుస్తకంలో ఇంకో పేరు. ఏప్రిల్‌లో ఒకసారి బ్యాంకులో వేసి చూస్తే జీతం వెనక్కి వచ్చేసిందట. అడిగితే "ఏందో మిషన్ తప్పు" అన్నాడు నాయన.

ఆరు నెలల పాత కాగితాలు ఇస్త్రీ చేసి అతికించాను. మొత్తం తొమ్మిది పేర్లు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేజీ. సెలవుకి ఎర్ర గీత, పనికి నల్ల గీత.

మినహాయింపు. దీన్ని పలకడానికి నాలుకకి చాలా పని. తీసివేయడానికి అంత పెద్ద మాట ఎందుకో.

నవంబర్ 6, గురువారం

ఇవాళే జీతాలు. చట్టం ప్రకారం ఏడో తేదీ లోపల ఇవ్వాలి. రేపు ఏడే, కానీ శుక్రవారం. శుక్రవారం మా ఇంట్లో గడప దాటి రూపాయి బయటికి పోదు. సుబ్బన్ తాత రోజుల్లో ఇలాంటి నెలల్లో ఎనిమిదికి ఇచ్చేవారు. నేను ఒక రోజు ముందుకు జరిపాను. లక్ష్మికీ చట్టానికీ ఇద్దరికీ సరిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోతూ కింద కూర్చుని కవర్లు పంచాను.

నాగప్పన్ మామ నోట్లు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, "ఏంది పాపా, ఎలక కొరికిందా?" అన్నాడు.

"ఇరవై నాలుగో తేదీ మీరు పన్నెండున్నరకి వచ్చారు మామా. పుస్తకంలో ఉంది. అర రోజు మినహాయింపు."

"పన్నెండున్నరకి ఈడికొచ్చినా. పొద్దున ఏడింటికే పురసవాక్కంలో ఉన్నా. మీ నాయనే పంపించినాడు. నాలుగొందల సంచులు ఆటోలో యేసుకోని పోతే, మండపం వాచ్‌మన్ పదకొండుదాకా గేటు తీయలా. ఆడేమన్నా పెళ్లి భోజనం చేస్తాండినానా నేను?"

అందరూ నవ్వారు. ఆంటో అచ్చు బల్ల మీద తల పెట్టి మరీ నవ్వాడు. "ఆడిటరమ్మ వచ్చింది, ఇంక ఒంటికి పోయినా చీటీ రాసిచ్చి పోవాల" అన్నాడు మామ.

నేను పైకి పరిగెత్తాను. అక్కడ అవ్వ, పళ్లెంలో ఆకువక్క, ఒక మూర మల్లెపూలు, నెల డబ్బు కవరు పెట్టి, కింద సంచులు లెక్కపెట్టే చిన్నపొన్నత్తకి ఇస్తోంది. అత్త కవరు విప్పకుండా నడుముకి దోపుకుంది. పుట్టినప్పటి నుంచీ ఇది చూస్తున్నాను. ఇవాళే చూసినట్టు అనిపించింది.

నవంబర్ 8, శనివారం

నాగప్పన్ మామకి అర రోజు డబ్బు తిరిగి ఇచ్చాను. నా ఎదురుగానే లెక్కపెట్టుకున్నాడు.

నవంబర్ 12, బుధవారం

చిన్నపొన్నత్త మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు. ఇవాళ అవ్వ పెట్టిన రసం అన్నం కూడా వదిలేసింది.

దారాలు కత్తిరించే చిన్న కత్తెర కోసం ఆమె సంచిలో చెయ్యి పెట్టాను. స్కాన్ కాగితం. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ చేయాలి. ఇంగ్లీషు మాటకి తెలుగు వెతికితే ఈ పిత్తాశయం దొరికింది. మంచి పదం. ఆ కాగితం మీద దొరకకుండా ఉంటే బాగుండేది.

తేదీ ఆగస్టు తొమ్మిది.

నవంబర్ 13, గురువారం

అడిగాను. మెట్ల కింద, కుట్టిన సంచులు లెక్కపెట్టి కట్టలు కట్టే చోట. అది అత్త చోటు. ఏ సంచి అయినా ఆమె చేతి మీదుగా తప్ప బయటికి పోదు.

"ఎవురికి చెప్పినావు?" అంది.

"ఎవరికీ చెప్పలేదు."

"చెప్పబాకు. మీ నాయనకి అస్సలు చెప్పబాకు. తుపానొచ్చిన ఏడు మా ఇంటికి కప్పు యేయించినాడు. నా కూతురి నర్సింగు ఫీజు కట్టినాడు. ఇప్పుడు ఇదొకటి చెప్తే, కొత్త మిషన్ అమ్మేసి వచ్చి ఎదురుగా నిలబడతాడు. అన్న సంగతి నాకు తెలీదా?"

"మరి నొప్పి?"

"ఏం నొప్పిలే. పుల్లగా, కారంగా తినకుంటే రాదు." తన చేతిలో నా చెయ్యి వేయించుకుంది. "ఒట్టు పాపా."

ఒట్టు వేశాను. ఇది డైరీ కాబట్టి చెప్పినట్టు కాదు.

నవంబర్ 15, శనివారం

ఆడిటర్ యతిరాజులు గారు వచ్చారు. నా ఎర్ర గీతలు, నల్ల గీతలు చూసి "చక్కగా ఉండాది" అన్నారు. తరవాత నాయనతో, "ఎంతమంది పనిచేస్తారు వెంకట్రామ్?"

"తొమ్మిది మంది సార్."

"పది అయితే ఈఎస్ఐలో చేరాల. నెలనెలా నువ్వు కొంత, వాళ్లు కొంచెం కడితే ఒంట్లో బాగలేనప్పుడు ఆస్పత్రి ఖర్చు ఈఎస్ఐ వాళ్లే చూసుకుంటారు. ఈ డిసెంబర్ ఆఖరులోగా మనంతట మనం పోయి చేరితే పాత సంవత్సరాల బాకీ కూడా అడగరు. తొమ్మిదే అంటున్నావు కాబట్టి నీకు అవసరం లేదులే."

అప్పుడే చిన్నపొన్నత్త ఆయనకి కాఫీ తెచ్చింది. వెనక్కి తిరిగి, "ఆంటో, మండపం పేరులో ఒక అక్షరం పోయింది చూడు, నూట యాభై అచ్చేసినాక చెప్పేదా నేను!" అని అరిచి వెళ్లింది.

"ఈమె?" అన్నారు ఆడిటర్ గారు.

"మా చెల్లెలు సార్" అన్నాడు నాయన. ఎంత ప్రేమగా అన్నాడో!

ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నారు. నేను బల్ల కింద వేళ్లు లెక్కపెట్టాను. తొమ్మిది. ఇంకో వేలు మిగిలింది.

నేనేమీ అనలేదు. అనడానికి అది నా సంగతి కాదు. నా సంగతి హాజరుపట్టీ.

నవంబర్ 17, సోమవారం

అనేశాను.

ఒట్టు తప్పలేదు. రాళ్ల మాట ఎత్తలేదు. పుస్తకం సంగతి మాత్రమే చెప్పాను. "నాయనా, మనం తొమ్మిది మంది కాదు, పది. అత్త పేరు రాయాలి."

"చెల్లెలికి ఎవురన్నా జీతం రాస్తారా?"

"చెల్లెలైతే పొద్దున తొమ్మిదికి వచ్చి ఆరుకి ఎందుకు పోతుంది?"

నాయన నా వైపు చూసిన చూపు రాయడానికి నా దగ్గర ఇంకా మాట లేదు. "పుస్తకం మూసెయ్" అన్నాడు.

మూసి తల ఎత్తితే, షట్టరు తాళంచేతులు పట్టుకుని గుమ్మంలో అత్త. అంతా విన్నది.

"నన్ను కూలోళ్లలో కలిపి రాస్తావా పాపా? నిన్ను ఎత్తుకున్న చేతికి నెంబరేస్తావా?"

నేను పుట్టిన కొత్తలో అమ్మకి జ్వరాలు. అత్త అని పిలుస్తాను గానీ ఆమె మాకు చుట్టం కాదు, నన్ను చూసుకోవడానికే వ్యాసర్పాడి నుంచి ఈ ఇంటికి వచ్చింది. నేను నడవడం మొదలుపెట్టాక నా వెనకాలే కిందికి దిగి, సంచులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. తెలుగు కూడా ఆమె మా ఇంట్లోనే నేర్చుకుంది. నాతో పాటు.

నవంబర్ 18

అత్త వచ్చింది. కాఫీకి పైకి రాలేదు.

నవంబర్ 19

పైకి రాలేదు. నాకేం బాధ లేదు. పద్ధతి ప్రకారం నేను చెప్పింది సరైనదే.

నవంబర్ 21

నాకేం బాధ లేదు. అవ్వ మాత్రం రెండు గ్లాసులు కలిపి, ఒకటి చల్లారిపోయేదాకా చూసి, పారబోస్తోంది.

నవంబర్ 24, సోమవారం

మధ్యాహ్నం పన్నెండుకి కట్ట కడుతూ కడుతూ అత్త నేల మీద కూలబడిపోయింది. "నూట ఎనభై రెండు, నూట ఎనభై రెండు" అంటోంది. లెక్క మరిచిపోతానని భయం. నాగప్పన్ మామ కత్తెర పారేసి ఆటో కోసం వీధిలోకి పరిగెత్తాడు. దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో ఇంజెక్షన్ ఇచ్చారు. ఇదివరకు స్కాన్ ఏమైనా తీశారా అని డాక్టరు అడిగితే అత్త గోడ వైపు తిరిగింది. ఇంక నావల్ల కాలేదు. అత్త సంచి తెరిచి కాగితం తీసి ఇచ్చాను.

వెంటే వచ్చిన నాయన దాని మీద తేదీ చూశాడు.

"ఆగస్టు. మూడు నెలలుగా నాకెందుకు చెప్పలా?"

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది.

"నేను కాదంటానా? ఎప్పుడన్నా కాదన్నానా నీకు?"

"కాదనవు. అందుకే గదన్నా."

నాయనకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"నాగప్పన్‌ని చూడు. అడ్వాన్సు కావాలంటాడు. నువ్వు ఇస్తే తీసుకుంటాడు, ఈకుంటే సందు చివరిదాకా తిట్టుకుంటా పోతాడు. మళ్లా నెల మళ్లా అడుగుతాడు. ఆయప్పకి అడిగే నోరుండాది. నేనెట్ట అడిగేది? నేను నోరు తెరిస్తే నువ్వు ఇల్లు తాకట్టు పెట్టి తెస్తావు. ఇంక ఏ మొకం పెట్టుకోని అడిగేది?"

డాక్టరు గారు ఏదో రాసుకుంటున్నట్టు తల వంచుకున్నారు.

"పాప నన్ను వేరు చేసేసిందని ఏడ్చినా ఆ పొద్దు" అంది అత్త. "ఇంటికి పోయి పడుకుని ఆలోచిస్తే, ఆ పుస్తకంలో ఉండేవాళ్లకి అడిగే దారి ఒకటి ఉండాదే అనిపించింది. కానీ నాకై నేను వచ్చి, రాయి అని అనలేకపోయినా."

నాయన చాలాసేపు ఆ స్కాన్ కాగితాన్ని మడతపెట్టి, విప్పి, మడతపెట్టాడు.

నవంబర్ 26, బుధవారం

ఇవాళ కాఫీ అయ్యాక నాయన అందరినీ కింద కూర్చోబెట్టి తనే పుస్తకం తెరిచాడు. పదో పేజీ. పేరు రాశాడు. నాయన దస్తూరి బాగుండదు. ఈ ఒక్క పేరు మాత్రం అచ్చు బల్ల మీద అక్షరాలు పేర్చినంత నెమ్మదిగా రాశాడు.

"పని ఏమని రాసేది?" అన్నాడు.

"లెక్కపెట్టేది" అంది అత్త.

"తిట్టేది అని రాయండి ముదలాళీ" అన్నాడు ఆంటో. యజమానిని కింద అందరూ అలాగే పిలుస్తారు.

"సూపర్‌వైజర్ అని రాయండి" అన్నాడు నాగప్పన్ మామ. "మీరు ఊర్లో లేని రోజు మాకు ముదలాళి ఎవురు మరి?"

చేరిన తేదీ దగ్గర ఆగిపోయాం. ఈఎస్ఐ నమోదు ఇప్పటి నుంచే అయినా, మన పుస్తకంలో అసలు తేదీ ఉండాలని యతిరాజులు గారు ఫోనులో చెప్పారు. నాయనకి గుర్తు లేదు. అత్తకీ గుర్తు లేదు. "ఆడి నెల పోయినాక" అంటుంది. అవ్వ కళ్లద్దాలు లేకుండానే మెట్ల మీద నుంచి చెప్పింది:

"పాపకి పేరు పెట్టిన రోజే గదరా. పొద్దున వచ్చింది. వచ్చీ రాగానే బిడ్డని ఒళ్లో పెట్టినా. మీ నాయన నీ చెవిలో పేరు చెప్తాంటే ఈ పిల్ల ఒళ్లోనే ఉండినావు పాపా నువ్వు."

శరణ్య అనే నా పేరు ఆ పూట పుట్టిందన్నమాట. పాత పంచాంగం తీసి, పేరు పెట్టిన రోజని గుర్తు పెట్టిన తేదీ చూశాం. సెప్టెంబర్ 3, 2006. రాశాను. నల్ల సిరా వాడాను.

నమోదు. ఇవాళ్టి మాట ఇదే. ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు.

నవంబర్ 28, శుక్రవారం

పది మందికీ ఈఎస్ఐ నమోదు అయింది. ఆంటో పేరు బ్యాంకులోలాగే రాశాను. నాగప్పన్ మామ, "మళ్లా కోస్తాండావా ఆడిటరమ్మా?" అని మొదలుపెట్టాడు. నూటికి ముప్పావు రూపాయి మామా, మీ ఇంట్లో అత్తకి కూడా వైద్యం చూస్తారు అన్నాను. "ఆమెకి నోటికి మందుంటే అడుగు" అన్నాడు గానీ, ఆమె ఫోటో రేపే తెస్తానన్నాడు.

డిసెంబర్ 3, బుధవారం

చిన్నపొన్నత్తని అయనావరం ఈఎస్ఐ ఆస్పత్రికి తీసుకెళ్లాను. పదకొండున చేరమన్నారు, పన్నెండున ఆపరేషన్. కౌంటరులో అమ్మాయి "ఎక్కడ పని?" అని అడిగింది. అత్త నా వైపు చూసింది. నేను కావాలనే పైన ఫ్యాన్ వైపు చూశాను.

"చింతాద్రిపేటలో. సంచుల కంపెనీలో సూపర్‌వైజరు" అంది. బయటికి వచ్చాక "గట్టిగా చెప్పేసినానా?" అని అడిగింది.

డిసెంబర్ 6, శనివారం

జీతాలు. అత్త మొదటిసారి కింద వరసలో నిలబడింది. సంతకం పెట్టింది. కవరు తీసుకుని, విప్పకుండా నడుముకి దోపుకుంది, ఎప్పటిలాగే. తరవాత పైకి వెళ్తే అవ్వ పళ్లెంతో సిద్ధం. ఆకువక్క, పూలు. కవరు లేదు.

"అది వేరే, ఇది వేరే" అంది అవ్వ.

డిసెంబర్ 7, ఆదివారం

ఎంత మంచి రోజు! మార్గళి, అంటే ధనుర్మాసం, మొదలైతే పెళ్లిళ్లు ఉండవు కాబట్టి అందరికీ ఈ వారమే తొందర. బుధవారం పెళ్లికి ఆరు వందల సంచులు. మిగతావాళ్లకి సెలవు. అత్తా నేనూ మాత్రమే కింద. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా దారాలు కత్తిరించి, సంచుల పిడులు తిప్పి, కట్టలు కట్టాం. అత్త బరువు ఎత్తకూడదని కట్టలన్నీ నేనే ఎత్తాను. నాకు నడక వచ్చిన కొత్తలో అత్త కటింగ్ బల్ల కింద చీరతో ఉయ్యాల కట్టేదట. ఎవరు కత్తెర ఆపినా నేను లేచేదాన్నట. "నీకు నిద్రపట్టాలని నాగప్పన్ ఉత్త గుడ్డలు కత్తిరించేవాడు" అంది. మామ ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు! ఒకే గిన్నెలో పెరుగన్నం తిన్నాం. ఇలాంటి రోజుకి తెలుగులో ఒక మాట ఉండాలి. మేడమ్‌ని అడగాలి.

డిసెంబర్ 12, శుక్రవారం

అయింది. బాగుంది. నాయన పొద్దుటి నుంచి కాఫీ కూడా తాగకుండా వరండాలో నిలబడ్డాడు. శుక్రవారం అని మరిచిపోయి ఆటోకి, పూలకి, వాచ్‌మన్ టీకి డబ్బులు ఇస్తూనే ఉన్నాడు.

డిసెంబర్ 13, శనివారం

రాళ్లు చిన్న డబ్బీలో పెట్టి ఇచ్చారు. నర్సు ఏడు అంది. అత్త మంచం మీద నుంచే చూసి ఎనిమిది అంది. ఎనిమిదే.

జనవరి 7, బుధవారం

డిసెంబర్ జీతాలు. ఈ నెల ఒక్క తప్పు లేకుండా చేశానని నిన్న రాత్రే మేడమ్‌కి చెప్పుకున్నాను. ఆస్పత్రి రోజులు, ఇంట్లో విశ్రాంతి, అన్నీ జీతంతో సెలవు. నాయన, ఆడిటర్ గారు ఇద్దరూ చూసి సరే అన్నారు.

సంక్రాంతితో వచ్చే తై నెల పెళ్లిళ్ల పని మొదలైంది. అత్త సోమవారం నుంచే వస్తోంది. కొంచెం చిక్కింది, గొంతు మాత్రం చిక్కలేదు. వరసలో ఆఖరున నిలబడి కవరు తీసుకుంది. నేను పుస్తకం మూయబోయాను.

అత్త అక్కడే నిలబడి కవరు విప్పింది. నోట్లు బయటికి తీసి, సంచులు లెక్కపెట్టినట్టే వేలు తడుపుకుంటూ లెక్కపెట్టింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నాయన తల ఎత్తాడు. నాగప్పన్ మామ గుడ్డ మీద కత్తెర అలాగే పట్టుకున్నాడు.

"పాపా" అంది. "ఏడో తేదీ ఆదివారం నేను వచ్చినా గదా. ఆ రోజు కూలి ఏది?"

పుస్తకం తెరిచాను. డిసెంబర్ 7. పది మందికీ ఒకటే ఎర్ర గీత. సెలవు.

ఆ రోజు ఆమెతో ఉన్నది నేనే. పొద్దున నుంచి సాయంత్రం దాకా పక్కనే కూర్చున్నాను. ఈ డైరీలో పేజీ రాసుకున్నాను. అది పని అని నాకు తట్టలేదు.

నాయన నా ముఖం చూసి, పుస్తకం చూసి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. నవ్వేనేమో అనుకున్నాను. తువ్వాలు తీస్తే కళ్లు తడి.

"ఆడిటరమ్మకి కూడా ఎలక కొరికింది" అన్నాడు నాగప్పన్ మామ.

గీత కొట్టేసి, "హాజరు" అని రాసి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. అత్త తీసుకుని ఇంకోసారి లెక్కపెట్టుకుంది. సరిపోయిందని తల ఊపి, సంతకం పెట్టి, ఆకువక్క కోసం పైకి వెళ్లింది.